ఇల్లు కొనేముందు లాయరు దగ్గరికి: తరచుగా అడిగే ప్రశ్నలు

కింద ఉన్నవన్నీ నా బల్లకు అవతల కూర్చుని జనం అడిగిన ప్రశ్నలే. ఇళ్లు, ఫ్లాట్లు, ప్లాట్ల కాగితాలు చూసి కొనొచ్చో కూడదో చెప్పడం నా వృత్తి. ఎక్కువగా హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ కాగితాలు. మధ్యమధ్యలో విజయవాడ, గుంటూరు వైపు నుంచీ వస్తుంటాయి. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం, కాబట్టి నా పేరు, ఫోన్ నంబరు ఇందులో వెతక్కండి.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ప్రభుత్వమే రిజిస్ట్రేషన్ చేస్తుంది కదా, మళ్లీ లాయరు ఎందుకు?

చాలామంది పొరబడేది ఇక్కడే. సంతకం పెట్టడానికి వచ్చిన మనిషి ఆ మనిషేనా, స్టాంపు డ్యూటీ సరిపోయిందా, ఆస్తి నిషేధిత జాబితాలో (రిజిస్టర్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందా అన్నవి సబ్‌రిజిస్ట్రార్ చూస్తారు. అమ్మేవాళ్లకు ఆ ఆస్తి మీద నిజంగా హక్కు ఉందా అని తేల్చడం ఆయన పని కాదు. తమిళనాడులో అలా హక్కు రుజువు చూపకపోతే రిజిస్ట్రేషన్ తిరస్కరించొచ్చని ఒక నిబంధన పెట్టుకుంటే, 2025లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే హక్కుకు పూచీ పడే పద్ధతి తెస్తామంటూ చేసిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరు ఆఖర్లో అమల్లోకి వచ్చింది, ఎన్నికల్లో పెద్ద రచ్చ అయింది, 2024లో రద్దయింది.

కాబట్టి రెండు రాష్ట్రాల్లోనూ పరిస్థితి ఒకటే. రిజిస్టరైన దస్తావేజు అంటే ఫలానా ఆయన ఫలానా ఆయనకు అమ్మినట్టు రాసుకున్నారు అనడానికి రుజువు. అమ్మిన ఆయన అసలు యజమాని అని ఎవరూ పూచీ పడలేదు. ఆ సంగతి తేల్చుకోవాల్సింది కొనేవాళ్లే.

లాయరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు సరిపోతుందా?

టోకెన్ ఇవ్వకముందు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

ఒక శనివారం సాయంత్రం భార్యాభర్తలు వచ్చారు. చేతిలో వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసిన రశీదు: అయిదు లక్షలు అడ్వాన్సుగా ముట్టినవి, మిగతా సొమ్ము అరవై రోజుల్లో చెల్లించనిచో అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు. ఇల్లు బాగుంది, వాస్తు కుదిరింది, మధ్యవర్తి "ఇంకో పార్టీ రేపు వస్తోంది సార్" అన్నాడు. అంతే, ఇచ్చేశారు. అమ్మే ఆయన చూపించిన దస్తావేజు ఆయన తండ్రి పేరు మీద ఉంది. తండ్రి పోయి పదేళ్లయింది. "అమ్మే ఆయనకు తోబుట్టువులు ఎవరైనా ఉన్నారేమో అడిగారా?" అన్నాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు, ఒకామె దుబాయ్‌లో. ఆమె సంతకం దొరికేసరికి అరవై రోజులు కాదు, ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఆ అయిదు లక్షలు ఏమవుతాయోనన్న టెన్షన్ వీళ్లకు.

ఇల్లు చేయి దాటిపోతుందన్న భయం ఉంటే చిన్న మొత్తం టోకెన్ ఇవ్వండి. నగదుగా కాదు, బ్యాంకు ద్వారా. రశీదులో ఈ వాక్యం రాయించండి: "లీగల్ పరిశీలనలో హక్కు స్పష్టముగా లేదని కొనుగోలుదారు తరపు లాయరు వ్రాతపూర్వకముగా తెలిపినచో, ఈ రశీదు మూలముగా ముట్టిన మొత్తమును 15 రోజులలో ఎటువంటి కోతలు లేకుండా వాపసు చేయగలవాడను." దీనికి ఒప్పుకోని మనిషి తన కాగితాల గురించి మీకంటే ఎక్కువ తెలిసినవాడు.

హోమ్ లోన్ తీసుకుంటున్నాం. బ్యాంకు లాయరు చూసి ఓకే అన్నారు. ఇంకేం కావాలి?

నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఫీజు మీ జేబులోంచే పోతుంది కాబట్టి ఆయన మీ లాయరు అనిపిస్తుంది. కానీ ఆయన రాసే నివేదిక బ్యాంకుకు. బ్యాంకు ప్రశ్న ఒక్కటే: ఈ ఆస్తి తాకట్టుకు పనికొస్తుందా? మీ ప్రశ్న వేరు: నా పిల్లల కాలం దాకా ఈ ఇంటి మీద ఎవరూ చేయి వేయకుండా ఉంటారా? అసలు కారు పార్కింగ్ మనదేనా, మిద్దె మీద హక్కు ఎవరిది, పక్కవాళ్లతో దారి గొడవ ఉందా లాంటివి బ్యాంకుకు పట్టవు. ఇల్లు పోయినా మీ జీతం ఉంది, బాకీ వసూలు చేసుకోవడానికి.

పైగా కొన్ని పెద్ద ప్రాజెక్టులను బ్యాంకులు ఒక్కసారి చూసి ఆమోదం ఇచ్చేస్తాయి. ఆ తర్వాత ఒక్కో ఫ్లాటు కాగితాలు విడిగా లోతుగా చూడటం తక్కువ.

హైదరాబాద్‌లో హోమ్ లోన్ల మోసం కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బ్యాంకుకు లీగల్ ఒపీనియన్ ఇచ్చిన లాయరు మీద సీబీఐ క్రిమినల్ కేసు పెడితే, మోసంలో భాగమయ్యాడని రుజువు లేకుండా, ఒపీనియన్ తప్పయిందన్న ఒక్క కారణంతో నేరస్థుణ్ని చేయలేమని 2012లో కోర్టు చెప్పింది. ఒపీనియన్ తప్పయిందని బ్యాంకే ఆ లాయరును నేరస్థుణ్ని చేయించలేనప్పుడు, ఆ నివేదికలో పేరు కూడా లేని మీరు దాన్ని పట్టుకుని ఎవరిని అడుగుతారు?

ఒక మాట మాత్రం బ్యాంకు పక్షాన. ఒకటికి రెండు బ్యాంకులు లోను కాదన్నాయంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. "ప్రైవేటు ఫైనాన్స్ చూపిస్తాం సార్" అని మధ్యవర్తి అంటే ఇంకా అసలు తీసుకోకండి.

బిల్డర్ వాళ్ల దగ్గరే లాయరు ఉన్నారు, ఫ్రీగా చూస్తామంటున్నారు.

ఆయన బిల్డరు మనిషి. చాలా మంచివాడై ఉండొచ్చు. అయినా సరే.

మా డాక్యుమెంట్ రైటర్ ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నాయన. ఆయన చాలడా?

ఆయన చేసే పని నేను ఆయనంత బాగా చేయలేను. మార్కెట్ విలువ ఎంత, డ్యూటీ ఎంత, చలానా ఎలా, స్లాట్ ఎప్పుడు, హద్దులు ఎలా రాయాలి అన్నవి ఆయనకు కొట్టినపిండి. దస్తావేజు ఆయన చేతే రాయించుకోండి. కానీ తెచ్చిన పాత దస్తావేజు చూసి కొత్తది తయారు చేయడం ఆయన పని. ఆ పాతదే సరైనదా అని ముప్పై ఏళ్ల వెనక్కి వెళ్లి చూడటం వేరే పని. ఆయన రాసిన డ్రాఫ్టును సంతకాలకు రెండు రోజుల ముందు మీ లాయరుకు చూపించండి. స్లాట్ రోజు పొద్దున ఆఫీసు మెట్ల మీద నిలబడి వాట్సాప్‌లో పంపే డ్రాఫ్టును ఎవరూ సరిగ్గా చదవలేరు, నాతో సహా.

అసలు మీరు ఏం చూస్తారు? ఈసీ మేమే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం, శుభ్రంగా ఉంది.

ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, మంచి కాగితమే, కానీ దాన్ని ఏం అడిగామో దానికే జవాబు చెబుతుంది. ఒక ఉదాహరణ చూపిస్తాను. ఒకాయన ఇంటి నంబరు కొట్టి తీసిన ఈసీలో రెండే పద్దులు: 2009లో ఒక అమ్మకం, 2016లో ఒక అమ్మకం. అంతా బాగుంది. 2009 దస్తావేజు తెరిచి షెడ్యూలు చదివితే అదే ఇంటికి పాత డోరు నంబరు ఇంకొకటి ఉంది, ప్లాటు నంబరు, సర్వే నంబరు ఉన్నాయి. సర్వే నంబరు, ప్లాటు నంబరు పెట్టి మళ్లీ ఈసీ తీస్తే మూడో పద్దు బయటపడింది: 2011లో అదే ప్లాటులో సగం ఇంకొకరికి గిఫ్టు. ఇంటి నంబరు కింద అది రాదు, ఎందుకంటే ఆ గిఫ్టు రాసినవాళ్లు దాన్ని ఖాళీ స్థలంగా రాశారు.

ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత పుస్తకాల్లోంచి తీయించాలి. నేను కనీసం ముప్పై ఏళ్లు చూస్తాను, అనుమానం వస్తే మూలం దాకా వెళ్తాను.

ఇక ఈసీలో ఎప్పటికీ కనబడనివి ఉన్నాయి. రిజిస్టర్ కాని వీలునామా, ఇంట్లో పెద్దమనుషుల ముందు రాసుకున్న పారిఖత్తు (పంపకాల కాగితం), నోటరీ అగ్రిమెంట్లు, కోర్టులో నడుస్తున్న దావా. దావా పెండింగ్‌లో ఉండగా కొంటే తీర్పు మీకూ అంటుకుంటుంది, మీకు తెలియదన్నది వాదన కాదు. అందుకే అమ్మేవాళ్ల పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లు పెట్టి కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైటులో వెతుకుతాం. ఒకే పేరుతో వందమంది ఉంటారు, అయినా వెతకాలి.

ఆ తర్వాత లింకు డాక్యుమెంట్లు. ఎవరి నుంచి ఎవరికి, ఎంత విస్తీర్ణం, హద్దులు గొలుసు తెగకుండా వస్తున్నాయా అని చూస్తాం. 1990లో 200 గజాలున్నది 2004లో 240 గజాలయిందంటే ఆ నలభై గజాలు ఎక్కడివో ఎవరో ఒకరు చెప్పాలి. సాధారణంగా అవి రోడ్డువి. జిరాక్సులు చూపించి ఒరిజినల్స్ "బీరువాలో ఉన్నాయి" అంటే అవి ఏ బ్యాంకు బీరువాలో ఉన్నాయో కనుక్కోవాలి. తాకట్టు సంగతి సెర్సాయ్‌లో (బ్యాంకు తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ) చిన్న ఫీజు కట్టి ఎవరైనా వెతుక్కోవచ్చు.

భూమి పుట్టుక కూడా చూడాలి. తెలంగాణలో పాత భూమి రికార్డులైన 1954–55 కాస్రా పహాణీ, సేత్వార్ దగ్గర మొదలుపెడతాం. రక్షిత కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ వచ్చిన భూమా, ఇనాం భూమా, ఇనాం అయితే ఓఆర్‌సీ (ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్) ఉందా, వక్ఫా, దేవాదాయమా, భూదానమా, భూ పరిమితి (సీలింగ్) చట్టం కింద పోయిందా. కోస్తా, రాయలసీమ వైపైతే ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), అడంగల్ (సాగు రికార్డు). ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట వరసగా చుక్కలు పెట్టి ఉంటే అవి చుక్కల భూములు. దాని కోసమే ఏపీలో 2017లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అయితే, దాని అమ్మకాన్ని నిషేధించే 1977 చట్టం ఉంది. ఎన్ని చేతులు మారినా, దాని మీద ఎంత అందమైన విల్లా కట్టినా అది అసైన్డ్ భూమే. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ఉన్న నిషేధిత జాబితా రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖ సైట్లలోనూ ఉంటుంది, మీరే చూసుకోవచ్చు. అందులో లేదంటే మాత్రం అది సొంత పట్టా అని అర్థం కాదు.

వారసత్వంగా వచ్చిన ఇల్లు. అన్నదమ్ములు ముగ్గురూ సంతకం పెడతామంటున్నారు. చాలదా?

నేను తెల్లకాగితం తీసి వంశవృక్షం గీయమంటాను. మొదటిసారి గీసినప్పుడు ముగ్గురు కొడుకులే ఉంటారు. "ఆడపిల్లలు?" అంటే ఇంకో ఇద్దరు వస్తారు. "ఎవరైనా చనిపోయారా?" అంటే పోయిన అన్నగారి భార్య, ఇద్దరు పిల్లలు వస్తారు. కాగితం నిండుతుంది.

ఆడపిల్లల వాటా అనగానే "అది 2005 చట్టం కదండీ, మా నాన్న అంతకు ముందే పోయారు" అంటారు. అది సగం నిజం. హిందూ కుటుంబాల్లో తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తిలో, వీలునామా రాయకుండా పోతే, కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా 1956 నుంచే ఉంది. భార్యకూ ఉంది, ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ ఉంది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు విషయానికొస్తే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశం కంటే ముందుంది: 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఎన్టీఆర్ ప్రభుత్వమే ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ పెళ్లయినవాళ్లకీ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న తగువు చాలా ఏళ్లు నడిచి, అక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు ముందే, 2004 డిసెంబరు 20 లోపు, రిజిస్టర్ చేసుకున్న పంపకాలు, చేసిన అమ్మకాలు మాత్రం అలాగే ఉంటాయి.

"పెళ్లికి కట్నం, పసుపు కుంకుమ ఇచ్చేశాం, మా చెల్లెలు ఏమీ అడగదు." అడగకపోవచ్చు. ఆమె కొడుకు అడుగుతాడు. ఆమెను రిజిస్ట్రేషన్‌కు తీసుకొచ్చి అమ్మేవాళ్లలో ఒకరిగా సంతకం పెట్టించండి, లేదా తన వాటా వదులుకున్నట్టు ముందే రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ రాయించండి. సాక్షి సంతకం వేరు, అమ్మకందారు సంతకం వేరు. చెల్లెలి చేత సాక్షిగా పెట్టించి అయిపోయిందనుకున్న దస్తావేజులు నేను చాలా చూశాను.

మైనరు వాటా ఉంటే తల్లి సంతకం ఒక్కటే చాలదు, జిల్లా కోర్టు అనుమతి కావాలి. అది లేకుండా కొంటే ఆ పిల్లవాడు పద్దెనిమిది నిండాక మూడేళ్లలోపు వచ్చి అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఏ పాప వాటానో ఉంటే, అమ్మేవాళ్లే కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకునేదాకా ఆగండి, లేదా వేరే ఇల్లు చూసుకోండి.

కొత్త అపార్టుమెంటు, రెరా నంబరు ఉంది. రెరా ఉంటే లాయరు అవసరం లేదంటున్నారు.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, వచ్చాక కొనేవాళ్ల పరిస్థితి బాగుపడింది, కాదనను. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కడితే రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. ప్రీ-లాంచ్ పేరుతో మొత్తం సొమ్ము ముందే కడితే గజం చవకగా ఇస్తామని వచ్చేవాళ్లు ఈ రెంటినీ ఒకేసారి దాటేస్తున్నారు. అలాంటివాటికి లాయరు కూడా అక్కర్లేదు, కాగితం మడిచి వెనక్కి ఇచ్చేయండి.

అయితే రెరా నంబరు ఉన్న ప్రాజెక్టులోనూ మీ ఫ్లాటుకు సంబంధించి రెండు సంగతులు ఎవరూ చెప్పరు. మొదటిది, ఆ ఫ్లాటు ఎవరి వాటా? మన దగ్గర చాలా బిల్డింగులు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద లేస్తాయి. స్థలం ఒకరిది, కట్టేది ఇంకొకరు, సగం సగమో అరవై నలభయ్యో పంచుకుంటారు. ఏ ఫ్లాటు ఎవరికి అన్నది తర్వాత రాసుకునే సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో ఉంటుంది. మూడో అంతస్తు 302 స్థల యజమాని వాటాలో ఉంటే దాన్ని బిల్డరు ఒక్కడే సంతకం పెట్టి అమ్మలేడు. బిల్డరు నంబర్లు చూపిస్తూ బ్రోషర్ మీద పెన్నుతో టిక్కు పెడతాడు. మీరు సప్లిమెంటరీ అడగండి.

రెండోది మార్ట్‌గేజ్. నిబంధనల ప్రకారం కట్టాడో లేదో అన్న భరోసా కోసం, అనుమతి ఇచ్చేటప్పుడే కట్టే విస్తీర్ణంలో పది శాతాన్ని మున్సిపాలిటీ తన పేర రిజిస్టర్ తాకట్టు పెట్టించుకుంటుంది. మామూలుగా అది కింది అంతస్తుల్లోని ఫ్లాట్లలో ఉంటుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక విడుదల చేస్తుంది. ప్లానులో అనుమతి లేని అంతస్తు వేస్తే ఆ సర్టిఫికెట్ రాదు, ఆ ఫ్లాట్లు విడుదల కావు. కొద్దిగా ధర తగ్గించి "అర్జెంటు సేల్" అని చూపించేవి చాలాసార్లు ఇవే. అనుమతి ప్లానులో ఆ భాగం వేరే రంగు గీతలతో చూపించి ఉంటుంది. మీ ఫ్లాటు అక్కడ ఉందేమో వేలు పెట్టి చూడండి.

యూడీఎస్, అంటే భూమిలో మీ అవిభాజ్య వాటా, ఎన్ని గజాలో దస్తావేజులో అంకెల్లో ఉండాలి. అన్ని ఫ్లాట్ల యూడీఎస్ కలిపితే మొత్తం స్థలం రావాలి. కలిపి చూశాక స్థలం కంటే ఎక్కువ వచ్చిన బిల్డింగు ఒకటి తగిలింది నాకు. ఆ బిల్డరు కూడిక రాక అలా చేశాడో, బాగా వచ్చి చేశాడో తెలియదు.

చెరువు గొడవలు లాయరు చూస్తారా?

చూడమని అడగండి. ఈసీ శుభ్రంగా ఉంటుంది, పట్టా ఉంటుంది, ఒక్కోసారి అనుమతి కూడా ఉంటుంది, అయినా స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దులోపల, ఉంటుంది. 2024 జులైలో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడి జేసీబీలు దిగాక ఈ మాట హైదరాబాద్‌లో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకుండా పోయింది. 2012 భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు కూడని జాగా. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మ్యాపు చూడటం నా పని, కానీ వానాకాలంలో ఒకసారి వెళ్లి ఆ వీధి టీ కొట్టు దగ్గర "ఇక్కడ నీళ్లు ఎంతవరకు వస్తాయి?" అని అడగడం మీ పని.

జీపీఏ మీద కొనొచ్చా?

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అగ్రిమెంట్, వీలునామా మూడూ కలిపి చేతిలో పెట్టినా యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పేసింది. జీపీఏ ఉన్న మనిషి అసలు యజమాని తరపున మీకు సేల్ డీడ్ రాసిస్తే అది చెల్లుతుంది, కాకపోతే యజమాని ఆ రోజుకు బతికి ఉన్నాడా, జీపీఏ రద్దు చేయలేదు కదా అన్నది చూడాలి. వీలైతే ఆ యజమానితో వీడియో కాల్‌లోనైనా ఒకసారి మాట్లాడండి. మాట్లాడించడానికి వెనకాడుతుంటే మీరూ వెనకాడండి.

పేపరులో ప్రకటన వేయిస్తే సరిపోతుందంటారు?

"ఫలానా ఆస్తిని మా క్లయింటు కొనదలచారు, అభ్యంతరాలున్నవారు 15 రోజులలో తెలుపగలరు" అని వేయిస్తాం. వేయించడం మంచిదే. ఎవరూ రాలేదంటే ఎవరికీ హక్కు లేదని కాదు. ఆ రోజు ఆ పేపరు చదవలేదని కూడా కావచ్చు. మీరు జాగ్రత్త తీసుకున్నారని రేపు కోర్టులో చూపించడానికి పనికొస్తుంది. ఏ పేపరు జిల్లా ఎడిషన్‌లో ఏ మూల వేస్తున్నారో చూసుకోండి.

ఫీజు ఎంత అవుతుంది?

ఊరిని బట్టి, ఆస్తి చిక్కును బట్టి మారుతుంది. ఒక లెక్క మాత్రం వేసుకోండి. 80 లక్షల ఇంటికి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు రాష్ట్రాల్లోనూ 7.5 శాతం, అంటే ఆరు లక్షలు. మధ్యవర్తికి కమిషన్ వేరు. లాయరు ఫీజు వీటిలో దేని దరిదాపులకూ రాదు, అయినా బేరం ఆడేది ఇక్కడే. నాకు కోపం లేదు, వింత అనిపిస్తుంది.

ముందే మాట్లాడుకోవాల్సింది ఏమిటంటే: ఆ ఫీజులో ఈసీలు, సర్టిఫైడ్ కాపీలు తీయించే ఖర్చు ఉందా, ఒపీనియన్ రాతపూర్వకంగా ఇస్తారా, అగ్రిమెంటు, సేల్ డీడ్ డ్రాఫ్టులు చూస్తారా, రిజిస్ట్రేషన్ రోజు వస్తారా. "డీల్ అయితేనే ఇవ్వండి" అనే లాయరు దగ్గర జాగ్రత్త. కొనొద్దని చెబితే తన ఫీజు పోయే మనిషి కొనొద్దని ఎందుకు చెబుతాడు?

లీగల్ ఒపీనియన్ చేతికొచ్చింది. ఎలా చదవాలి?

ఆఖరి పేజీలో "క్లియర్ అండ్ మార్కెటబుల్" అని ఉంటే అందరూ అక్కడే ఆగి సంతోషిస్తారు. దాని ముందు వాక్యం చదవండి. "ఫలానా కాగితం సమర్పించిన పిమ్మట", "ఫలానా వారు అంగీకారదారులుగా చేరిన యెడల" అని ఉంటుంది. ఒపీనియన్‌లో అసలు ప్రాణం ఆ షరతుల్లో ఉంది. వాటికి ఒక్కొక్కదానికి పక్కన టిక్కు పెట్టుకుంటూ అన్నీ వచ్చాకే డబ్బు కదపండి. లాయరు ఏ కాగితాలు చూశారో జాబితా కూడా ఉండాలి. ఒరిజినల్ చూశారా జిరాక్సు చూశారా అన్నది అందులో రాసి ఉండాలి.

లాయరే తప్పు చేస్తే?

వినియోగదారుల కోర్టుకు వెళ్లలేరు. లాయర్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నా వృత్తికి అనుకూలమైన తీర్పే, మీకు మాత్రం ఒక తలుపు మూసుకుంది. దురుద్దేశం, వృత్తి దుష్ప్రవర్తన ఉంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. నష్టపరిహారానికి సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. రెండూ ఏళ్లు పడతాయి. కాబట్టి ఎంచుకునేటప్పుడే చూసుకోండి. క్రిమినల్ కేసుల్లో గొప్ప పేరున్న ఆయన కాస్రా పహాణీ ఎప్పుడూ తిరగేసి ఉండకపోవచ్చు.

మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ ఇల్లు కొన్నప్పుడు అన్నీ అటార్నీ, టైటిల్ కంపెనీ చూసుకున్నారు. ఇండియాలోనూ అంతేనా?

కాదు. న్యూజెర్సీలో రియల్టర్ తయారు చేసిన కాంట్రాక్టు మీద సంతకం పెట్టాక కూడా మూడు పనిదినాల్లో మీ అటార్నీ దాన్ని రద్దు చేయొచ్చు. టెక్సాస్‌లో లాయరు లేకుండానే టైటిల్ కంపెనీలో క్లోజింగ్ అయిపోతుంది. టైటిల్‌లో, అంటే హక్కులో, తేడా వస్తే ఇన్సూరెన్స్ ఉంది, డబ్బు ఎస్క్రోలో, అంటే మూడో మనిషి దగ్గర భద్రంగా, ఉంటుంది. ఇండియాలో సంతకం పెట్టాక వెనక్కి తిరిగే మూడు రోజులు లేవు, ఇళ్లు కొనేవాళ్లు టైటిల్ ఇన్సూరెన్స్ తీసుకునే అలవాటూ లేదు, డబ్బు నేరుగా అమ్మేవాళ్ల ఖాతాలోకి పోతుంది. అక్కడ నలుగురు చేసే పనిని ఇక్కడ ఒక లాయరు ఒపీనియన్ మోస్తోంది.

రాలేకపోతే తండ్రికో బావమరిదికో పవర్ ఇవ్వాల్సి వస్తుంది. భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించండి, లేదా నోటరీ చేయించి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించండి. ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. జనరల్ పవర్ వద్దు, ఆ ఒక్క ఆస్తి కొనడానికి మాత్రమే స్పెషల్ పవర్ ఇవ్వండి. సొంత బావమరిదే కావొచ్చు, ఆ కాగితంతో ఆయన అమ్మే అధికారం కూడా మీరే ఇచ్చేస్తున్నారేమో చదవండి. ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐలు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లు) వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు. శంకర్‌పల్లి వైపు ఫామ్ ప్లాట్లు చూపించేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

టీడీఎస్ కూడా మీరే చూస్తారా?

గుర్తు చేస్తాం, కట్టేది మీరు. టీడీఎస్ అంటే అమ్మేవాళ్ల పన్ను కింద వాళ్లకిచ్చే సొమ్ములోంచి పట్టుకునేది. 50 లక్షలు, ఆపైన ధరకు ఒక శాతం పట్టుకుని కట్టాలి. 80 లక్షలకు 80 వేలు. అమ్మే ఆయన ఎన్‌ఆర్‌ఐ అయితే ఈ ఒక శాతం లెక్క వర్తించదు, చాలా ఎక్కువ పట్టుకోవాలి. తక్కువ పట్టుకుంటే ఆదాయపు పన్ను శాఖ అడిగేది మిమ్మల్నే. అమ్మేవాళ్లు ఎక్కడ ఉంటున్నారో మొదటి రోజే అడగమని చెప్పేది అందుకే. ఆ లెక్క ఆడిటర్‌తో వేయించండి.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇక లాయరుతో పనేం లేదు కదా?

ఇంకొక్కసారి రావాలి, పది నిమిషాల పని. స్కాన్ అయి చేతికొచ్చిన దస్తావేజును డ్రాఫ్టుతో పక్కపక్కన పెట్టి ఇంటి నంబరు, సర్వే నంబరు, హద్దులు, తండ్రి పేరు సరిచూడాలి. తప్పుంటే సవరణ దస్తావేజుకు అమ్మినవాళ్లు మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. నెల దాటాక వాళ్లు ఫోన్ ఎత్తడం తగ్గుతుంది. లింకు డాక్యుమెంట్ల ఒరిజినల్స్ ఆ రోజే జాబితా రాసుకుని తీసుకోండి. మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) అయిందా, ఇంటి పన్ను, కరెంటు మీటరు మీ పేరు మీదికి మారాయా చూసుకోండి. నెల తర్వాత మళ్లీ ఒక ఈసీ తీయండి, ఈసారి ఇంటి నంబరు పెట్టి ఒకటి, సర్వే నంబరు పెట్టి ఒకటి. రెండింట్లోనూ ఆఖరి పద్దులో మీ పేరే ఉండాలి.